పాఠం అయ్యాక రామ్మా

గరువుపేట బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత పాఠం చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అందులో పిల్లల తప్పేమీ లేదు. ఊరంతటికీ ఉప్పుమళ్ళే ఆధారం. ఎండెక్కితే తెల్లటి ఉప్పు మీద కాళ్ళూ నిలవవు, కళ్ళూ నిలవవు. అందుకని పెద్దవాళ్ళు కోడి కూయకముందే మళ్ళలోకి దిగుతారు. వాళ్ళతోపాటే పిల్లలూ లేస్తారు. చంటివాళ్ళని ఎత్తుకోవడం, గట్ల మీదుగా గంజి మోయడం, ఇల్లూడవడం అయ్యాక, అప్పుడు బడి. మొదటి గంట కొట్టేసరికే వాళ్ళకి సగం రోజు అయిపోయి ఉంటుంది. ఇక పప్పన్నం, కోడిగుడ్డు కడుపులో పడ్డాయంటే పంతొమ్మిదిమందీ పంతొమ్మిది వైపులకి ఒరిగిపోతారు.

సుభాషిణి టీచరు పదకొండేళ్ళుగా ఆ నిద్రతో కుస్తీ పడుతూనే ఉంది. నిలబెట్టింది, నిలబడే నిద్రపోయారు. పాట పాడించింది, అది కాస్తా జోలపాటై కూర్చుంది. మొహాలు కడిగిస్తే చల్లటి మొహాలతో ఇంకా హాయిగా పడుకున్నారు. కొట్టడం ఆవిడకి చేతకాదు. ఒకరోజు విసిగిపోయి తానూ బల్ల మీద తల వాల్చి, పావుగంట తర్వాత సిగ్గుపడుతూ లేచింది.

అలాంటి బడికి ఒక నవంబరు నెలలో డాక్టర్ మన్మథరావు వచ్చాడు. విశాఖపట్నంలో నిద్ర మీద పరిశోధన చేసేచోట ఉద్యోగం, సొంతూరు ఈ చుట్టుపక్కలే. పేరుకి తగ్గ రూపం కాదు గానీ, మాట మాత్రం బెల్లం. గుమ్మంలో నిలబడి, చెల్లాచెదురుగా పడుకున్న పిల్లల్ని చాలాసేపు చూశాడు.

"వీళ్ళని లేపకండి టీచర్‌గారూ. ఎంతకని లేపుతారు? మీరే లోపలికెళ్ళి చెప్పి రండి," అన్నాడు.

"ఎక్కడి లోపలికండీ?"

"నిద్రలోపలికండీ."

వారం తిరిగేసరికి వ్యానులో ఇరవై చాపలు దిగాయి. చూడ్డానికి మామూలు తుంగచాపలే. అంచుల్లో మాత్రం వెంట్రుకంత సన్నటి తీగలు అల్లి ఉన్నాయి. పంతొమ్మిది పిల్లలకి, ఒకటి టీచరుకి. ఆవిడ చాప మధ్యన వేసి, మిగతావి చుట్టూ పరిచి, తీగలు కలుపుతూ మన్మథరావు చెప్పాడు.

"మీరు పడుకుని కల కంటే చాలండి. ఆ కలలోకి వాళ్ళొస్తారు. మెలకువలో చెప్పిన పాఠం ఇసక మీద రాత. ఇందులో చెప్పింది రాతి మీద రాత, చెరగదు. ఒక్కటే జాగ్రత్త. పిల్లలు తమ సొంత కలలు కూడా వెంట తెచ్చుకుంటారు. అంచుల్లో ఏవేవో కనబడతాయి. చూసీ చూడనట్టు వదిలేయండి. అక్కడ మీ నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా వాళ్ళకి పాఠమే."

"నేను గురక పెడితేనో?"

"అది ఇటువైపు మాకు వినబడుతుంది గానీ, అటువైపు వాళ్ళకి వినబడదు లెండి."

నవ్వుతూనే పడుకుంది. పిల్లలు అప్పటికే నిద్రలో ఉన్నారు. ఫ్యాను చప్పుడు దూరమైంది. కళ్ళు మూసి తెరిచేసరికి ఆమె నీళ్ళ మీద నిలబడి ఉంది.

చీలమండల దాకా నీళ్ళు, అద్దంలా నిశ్చలంగా, కింద ఆకాశం. చుట్టూ గోడలున్నాయి గానీ అవి పొద్దుటి మంచుతో కట్టినవి. పిల్లలు ఆ నీళ్ళ మీదే వరసల్లో కూర్చున్నారు, ఎవరి లాగూ తడవలేదు. ఒక్కరి కళ్ళల్లోనూ నిద్ర లేదు. ఆమె గాలి మీద సుద్దముక్కతో రాస్తే అక్షరం అలాగే నిలిచింది. "ఏడు ఎనిమిదులు" అనగానే ఎక్కడినించో సంచిముక్కుల గూడబాతులు దిగాయి. ఎనిమిదేసి చొప్పున ఏడు వరసలు, తెల్లటి రెక్కలు ముడుచుకుని బుద్ధిగా నిలబడ్డాయి. "యాభయ్యారు" అన్నారు పిల్లలు. ఆ మాట వాళ్ళ నోళ్ళలో పటికబెల్లంలా కరిగి లోపలికి దిగడం ఆమెకి కళ్ళారా కనబడింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం ఆమె ఎరగదు.

లేచేసరికి నలభై నిమిషాలే గడిచాయి. పిల్లలు ఒళ్ళు విరుచుకుంటూ, అడక్కుండానే ఏడో ఎక్కం అప్పజెప్పారు.

ఊళ్ళో దానికి నిద్రబడి అని పేరు పడింది. డిసెంబరు చివరికి మూడో తరగతి వాళ్ళు పేపరు చదివేస్తున్నారు, నాలుగో తరగతి వాళ్ళు భాగహారాలు నోటితో చేసేస్తున్నారు. హెడ్మాస్టరు చిన్నంనాయుడుగారు నేల మీద నడవడం మానేశారు. రాజధాని నుంచి పెద్ద అధికారులు చూడ్డానికి వస్తున్నారని కబురు కూడా వచ్చింది.

ఇక్కడ సుభాషిణి అలవాటొకటి చెప్పాలి. ఉప్పు తీసే రోజుల్లో తల్లో తండ్రో పాఠం మధ్యలో గుమ్మంలోకి వచ్చి, "ఒలే, రాయే, పనుంది" అని పిలవడం ఆ బడిలో మామూలు. అలా లేచి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఆ వారంలో కనబడదు. అందుకని ఆవిడ బోర్డు వైపునుంచి తల కూడా తిప్పకుండా, "పాఠం అయ్యాక రామ్మా" అని గుమ్మంలోని వాళ్ళకీ, "నువ్వు కూర్చో" అని పిల్లకీ చెప్పేది. ఆ గొంతు వింటే ఎంత మొండి తండ్రైనా గుమ్మం దిగాల్సిందే. ఆ ఒక్క మాట పట్టుకుని ఇద్దరు ఆడపిల్లల్ని పదో తరగతి దాకా లాక్కొచ్చింది. ఆవిడకి గర్వమంటూ ఉంటే అదొక్కటే.

జనవరిలో ఒక మధ్యాహ్నం, నీళ్ళ మీది బడిలో ఆమె శేషం గురించి చెబుతోంది. ఇరవై మూడు గూడబాతుల్ని నలుగురికి పంచుతోంది. వెనక గుమ్మం దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి, "ఢిల్లీ, రాయే అమ్మా" అని పిలిచింది. రెండో వరసలో ఢిల్లీశ్వరి లేచింది. నీళ్ళు కదిలాయి. సుభాషిణి గాలి మీద మూడు అంకె రాస్తూ, తల తిప్పకుండా, "పాఠం అయ్యాక రామ్మా. ఢిల్లీ, నువ్వు కూర్చో" అంది.

ఢిల్లీశ్వరి కూర్చుంది. మిగిలిన మూడు పక్షులూ ఎటు పోవాలో తెలియక ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పిల్లలు నవ్వారు. లేచాక సుభాషిణికి పక్షులే గుర్తున్నాయి గానీ, తానన్న మాట గుర్తులేదు. ఊపిరి పీల్చినట్టు అనేసే మాట ఎవరికి గుర్తుంటుంది?

ఆ రోజునుంచి ఢిల్లీశ్వరి బడిలో అందరికంటే ముందుకు పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల, సన్నగా, చింతబరికెలా ఉంటుంది. ఒకటో తరగతి నుంచీ సుభాషిణి దగ్గరే చదువు. అంతకుముందు ఏది అడిగినా కిటికీలోంచి చూసే పిల్ల, ఇప్పుడు అడిగిందానికి అడిగినట్టు జవాబు చెబుతోంది. అధికారులొచ్చిన రోజున ఈ పిల్లనే నిలబెడదామని చిన్నంనాయుడుగారు నిశ్చయించేశారు.

ఫిబ్రవరి మొదట్లో ఢిల్లీశ్వరి అమ్మమ్మ ఎర్రమ్మ బడికి వచ్చింది. కాళ్ళకి ఉప్పు పొక్కులు, చేతిలో చెప్పులు. పాఠం అయ్యేదాకా అరుగు మీదే కూర్చుని, పిల్లలు వెళ్ళాక లోపలికొచ్చింది.

"టీచరమ్మా, మా ఢిల్లీ గుంటకి ఏటి సేసినారు?"

కోపంగా అడగలేదు. ఏదో వస్తువు కనబడకపోతే పక్కింట్లో అడిగినట్టు అడిగింది.

"ఏమైందమ్మా? బాగా చదువుతోందే."

"సదువుతాది. కాదన్ను. మా ముత్యాలు పోయి ఏడాదవతంది గదా. జొరమొచ్చి పోనాది, మీకూ తెలుసు. పోయిన కాడ్నించీ రోజూ దీని కలలోకి వచ్చీసీది. జడేసీదంట, కొబ్బరుండ పెట్టీదంట. నిద్దట్లో ఇది నవ్వీది. తెల్లారి లెగిసి అమ్మ ఇలాగంది, అమ్మ అలాగంది అని నాకు సెప్పీది. నాకు కలల్రావు టీచరమ్మా. నా కూతుర్ని నానూ దీని నోట్లోంచే సూసుకునీదాన్ని." చేతిలోని చెప్పులు కింద పెట్టింది. "నెల్రోజులై ఏటీ సెప్పదు. నవ్వదు. పడుకుంటే ఇదిగో, ఇలాగ పడుకుంతాది."

ఎర్రమ్మ రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి చూపించింది. తరగతిలో కూర్చోబెట్టిన పిల్ల ఎలా ఉంటుందో సరిగ్గా అలా ఉంది.

సుభాషిణి చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఆమెకి గూడబాతులు గుర్తొచ్చాయి, గుమ్మం దగ్గరి గొంతు గుర్తొచ్చింది. ముత్యాలు గొంతు. బతికున్నప్పుడు కూడా ఆ గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు పిలిచిందో, ఎన్నిసార్లు తిరిగి వెళ్ళిపోయిందో.

మర్నాడు పొద్దున్నే ఢిల్లీశ్వరిని పంపు దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది.

"అమ్మ కలలోకి రావడం మానేసిందా?"

"లేదు టీచర్. వస్తాది. గుమ్మం బయట ఉంతాది. పాఠం అవ్వలేదు గదా."

"ఇంట్లో పడుకున్నప్పుడు పాఠమెక్కడిదమ్మా?"

"ఇంటికాడ పడుకున్నా బడే వస్తాది టీచర్. మీరు బోర్డు మీద రాస్తుంటారు. నాను కూర్చునే ఉంతాను." పిల్ల పంపు కింద చెమ్మలో వేలితో గీస్తూ అడిగింది. "అంతసేపు నిలబడితే మాయమ్మకి కాళ్ళు నొప్పెట్టవా టీచర్?"

సుభాషిణి వంగి ఆ పిల్ల వేలికంటిన మట్టి తుడిచింది.

"ముందు మొత్తం అగుపించీది. మొన్నట్నించీ కొంగే అగుపిస్తంది. పసుపుపచ్చ కోక కొంగు. అది కూడా ఎనక్కి ఎలిపోతంది."

ఆ రోజు చాపలు పరవలేదు. మన్మథరావుకి ఫోను చేసింది. మిగతా పద్దెనిమిదిమందినీ పక్కకి పిలిచి ఒక్కొక్కరినీ అడిగింది, నిద్రలో ఏదైనా పోయిందా అని. ఒకడికి తాను తరుముతున్న పీత కనబడలేదట, తర్వాత దొరికిందట. ఇంకెవరికీ ఏమీ పోలేదు.

మన్మథరావు వచ్చి అంతా విన్నాడు.

"లోపలికెళ్ళి, 'వెళ్ళమ్మా' అని మీరే చెప్పి చూడండి," అన్నాడు.

ఒకే ఒక్కసారికని రెండు చాపలు పరిచారు. నీళ్ళ మీది బడిలో ఢిల్లీశ్వరి ఒక్కతే కూర్చుని ఉంది. సుభాషిణి ఈసారి గుమ్మం వైపు తిరిగి నిలబడింది. దూరంగా, తెల్లటి గట్టు మీద, పసుపుపచ్చగా ఏదో ఆడుతోంది.

"ఢిల్లీ, అమ్మ దగ్గరికి వెళ్ళమ్మా."

పిల్ల లేచి గుమ్మందాకా వెళ్ళి, అక్కడ ఆగి, తిరిగొచ్చి తన చోట్లో కూర్చుంది.

"రాదంట టీచర్. మీరుండగా లోపలికి ఎలాగొస్తానంటంది. సదువు పాడవుద్దంట. తప్పయిపోనాది, సదూకోనీండి అంటంది."

గట్టు మీది పసుపుపచ్చ ఇంకొంచెం వెనక్కి జరిగింది. సుభాషిణి తన సుద్దముక్క వంక చూసుకుంది. జీవితంలో మొదటిసారి, టీచరుగా పుట్టినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

లేచాక హెడ్మాస్టరు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. మన్మథరావు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నాడు.

"పాఠం ఎలా ఎక్కించాలో చూశాం గానీ, ఎలా దించాలో చూడలేదండి. నాదే పొరపాటు. తీగల్ని తిరగేసి కలిపి మీరిద్దరూ మూడు మధ్యాహ్నాలు పడుకుంటే ఆ బడి పిల్ల కలలోంచి పోతుంది. కానీ..."

"కానీ ఏంటండీ?"

"ఆ బడి మీలోంచి వచ్చింది. ఆ ఒక్క మాటే ఏరి తీయడం కుదరదు. బడిని తీయాలంటే మిమ్మల్ని తీయాలి. మీరు పోతే మీరు చెప్పినవన్నీ పోతాయి. చాపల మీద చెప్పినవే కాదు, ఒకటో తరగతిలో చెయ్యి పట్టుకుని దిద్దించిన మొదటి అక్షరం దగ్గర్నుంచీ. ఆ పిల్లకి మీరెవరో తెలియదు."

చిన్నంనాయుడుగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! నాలుగో తరగతి పిల్లని మళ్ళీ అ ఆల దగ్గర కూర్చోబెడతారా? తల్లి కలలోకి రాకపోతే ఏం, అందరికీ వస్తున్నారా? రేపు అధికారులొస్తే ఏం చెప్పమంటారు?"

"సుభాషిణి టీచరుకి పాఠం చెప్పడం రాక ఆ పిల్ల అంతా మర్చిపోయిందని చెప్పండి సార్," అంది సుభాషిణి.

"ఒక్క ఇరవై రోజులు ఆగుదామా?" మన్మథరావు మెల్లగా అడిగాడు. "వాళ్ళు చూసి వెళ్ళిపోయాక..."

"ఆ కొంగు ఇరవై రోజులు ఆగుతుందంటారా?"

అతను తల దించుకున్నాడు.

నిర్ణయం మాత్రం తనొక్కతే తీసుకోకూడదని సుభాషిణికి తెలుసు. ఒకసారి అడక్కుండా అన్న మాటకే ఇంత జరిగింది. సాయంత్రం ఎర్రమ్మ ఇంటికి వెళ్ళింది. తాటాకు పందిరి కింద కూర్చుని, ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. తప్పు తనదేనంది. ఎర్రమ్మ చాటలో బియ్యం ఏరుతూనే వింది.

"సదువు పోతే నువ్వు మళ్ళీ సెప్పగలవా?"

"చెప్పగలను."

"నా కూతుర్ని మళ్ళీ తేగలవా?"

"తేలేనమ్మా."

"మరింకేటి?" అని చాట పక్కన పెట్టింది.

ఢిల్లీశ్వరి పందిరి గుంజ పట్టుకుని అన్నీ వింటోంది. దగ్గరికొచ్చి అడిగింది.

"నాను మిమ్మల్ని మర్సిపోతానా టీచర్?"

"అవునమ్మా."

"మీరో?"

"నేను మర్చిపోను."

పిల్ల ఆలోచించింది. నెల్రోజులుగా లెక్కలన్నీ తడుముకోకుండా చెబుతున్న పిల్ల, దీనికి మాత్రం టైము తీసుకుంది. "అయితే పర్లేదు. మీకు గురుతుంటే మీరే సెప్పీవొచ్చు," అంది. సుభాషిణి ఆ పిల్లని దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఏ పిల్లనీ అలా ముద్దు పెట్టుకోలేదు, టీచరుకి తగదని.

మొదటి మధ్యాహ్నం ఆమె పక్షుల్ని పంపేసింది. పదహారో ఎక్కం నుంచి మొదలుపెట్టి వెనక్కి చెప్పుకుంటూ వచ్చింది. ఒక్కో లెక్కకీ ఒక్కో వరస లేచి మంచుగోడల మీదుగా ఎగిరిపోయింది. ఒకట్ల ఎక్కం దగ్గర ఒకే ఒక్క గూడబాతు మిగిలింది. వెళ్ళనని మారాం చేస్తే చప్పట్లు కొట్టి తోలింది. లేచాక ఢిల్లీశ్వరి తన రెండు చేతుల వేళ్ళూ ముందు పెట్టుకుని వింతగా చూసుకుంది.

రెండో మధ్యాహ్నం అక్షరాలు. గాలి మీద రాసినవన్నీ ఇంకా అక్కడే వేలాడుతున్నాయి. కొంగుతో ఒక్కొక్కటే తుడిచింది. గుణింతాలు పొడిపొడిగా రాలి నీళ్ళలో ఉప్పులా కరిగిపోయాయి. "అ" దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నాలుగేళ్ళ కిందట ఈ పిల్ల దాన్ని తలకిందులుగా రాసి, ఎంతసేపు చెప్పినా అదే సరైనదని వాదించింది. సుభాషిణి కళ్ళు మూసుకుని దాన్ని కూడా తుడిచేసింది.

మూడో మధ్యాహ్నం బడిలో ఇక తనే మిగిలింది. గోడలు పలచబడి వాటి వెనక ఉప్పుమళ్ళు కనబడుతున్నాయి, చదరాలు చదరాలుగా, కొన్నిట్లో ఆకాశం, కొన్నిట్లో వెన్నెలలాంటి ఉప్పు. ఢిల్లీశ్వరి నీళ్ళ మీద కూర్చుని, తన ముందు నిలబడ్డ ఈ ఆడమనిషి ఎవరా అన్నట్టు తలెత్తి చూస్తోంది. సుభాషిణికి ఆ పిల్లతో ఏదో ఒకటి చెప్పాలనిపించింది. చెబితే మళ్ళీ అది పాఠమైపోతుంది. నోరు గట్టిగా మూసుకుని గుమ్మం దాటింది.

ముత్యాలు గట్టు మీద నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర, చేతిలో దువ్వెన. బతికున్న రోజుల్లో లాగే టీచరుని చూడగానే దువ్వెన వెనక దాచుకుని, పక్కకి ఒదిగి దారిచ్చింది.

ఆ ముత్యాలు పిల్ల కలలోని ముత్యాలని, నిజం మనిషి కాదని సుభాషిణికి తెలుసు. అయినా ఆగి రెండు చేతులూ జోడించింది.

"ఇన్నాళ్ళూ నిలబెట్టేశాను. క్షమించు తల్లీ. పాఠం అయిపోయింది. ఇక లోపలికి వెళ్ళు."

ముత్యాలు దాచిన దువ్వెన మళ్ళీ ముందుకు తీసింది. టీచరు మొహంలోకి ఒక్కసారి తేరిపార చూసింది. తర్వాత తడిగట్టు మీద అడుగుల చప్పుడు, బడి వైపు. సుభాషిణి వెనక్కి చూడలేదు. చూస్తే తనింకా అక్కడ ఉన్నట్టే లెక్క. గట్టు వెంబడి అలా నడుచుకుంటూ పోతుంటే, వెనకనుంచి చిన్నపిల్ల నవ్వు వినబడింది. ఆ నవ్వు కూడా తనది కాదనుకుని నడక వేగం పెంచింది.

మెలకువ వచ్చేసరికి మన్మథరావు తీగలు చుడుతున్నాడు. ఢిల్లీశ్వరి పక్క చాప మీద బోర్లా పడి, చేతులొకవైపు కాళ్ళొకవైపు పారేసుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"చాపలు తీసుకుపోతానండి," అన్నాడు. "నా రిపోర్టులో మొదటి పేజీ ఈ పిల్ల గురించే రాస్తాను. పై వాళ్ళు ఏమన్నా సరే."

అధికారులు వచ్చారు, మిగతా పిల్లల ఎక్కాలు విని మెచ్చుకున్నారు. చాపలేవీ అని అడిగి, విని, గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. చిన్నంనాయుడుగారు రెండ్రోజులు సుభాషిణితో మాట్లాడలేదు. మూడో రోజు తనే టీ తెప్పించి, "మధ్యాహ్నం పిల్లల్ని ఓ గంట పడుకోనిద్దాం. సాయంత్రం ఓ గంట ఎక్కువ ఉందాం. నేనూ ఉంటాను," అన్నారు. అదే ఆయన రాజీ.

ఢిల్లీశ్వరిని వారం రోజులు ఇంట్లోనే ఉంచారు. ఆ వారమంతా సుభాషిణి ఆ గుమ్మం వైపు వెళ్ళలేదు, ఎర్రమ్మ ఎదురుపడినా కలల సంగతి అడగలేదు. అడగాలని నాలుక దురద పెట్టింది. పిల్లల నిద్రలో ఏం జరుగుతుందో తెలుసుకునే హక్కు తనకి లేదని నాలుకకి నచ్చజెప్పుకుంది.

సోమవారం ఎర్రమ్మ పిల్లని తీసుకొచ్చింది. ఢిల్లీశ్వరి అమ్మమ్మ కొంగు పట్టుకుని బడినంతా కొత్తగా చూసింది. నాలుగో తరగతి వాళ్ళకి ముందే చెప్పి ఉంచడంతో ఎవరూ నవ్వలేదు. సుభాషిణి కుర్చీ వదిలేసి, పలక పట్టుకుని వచ్చి కింద, పిల్ల పక్కన చతికిలబడింది.

"నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

"ఢిల్లీశ్వరి."

"నేను నీ టీచర్ని."

"తెలుసు."

సుభాషిణి ఉలిక్కిపడింది. "ఎలా తెలుసు?"

"మాయమ్మ సెప్పింది. రాత్రి జడేస్తా సెప్పింది. రేపు బడికెల్తావు గదా, కొత్త టీచరమ్మని సూసి బెదిరిపోకు, నాకు తెలిసినామే అని."

పలక మీద నీళ్ళచుక్కలు పడితే సుభాషిణి కొంగుతో తుడిచి, ఆ చిన్నచేతిలో బలపం పెట్టి, పైన తన చెయ్యి వేసి, మొదటి గీత గీయించింది.